సామర్లకోట డాక్టరు గారి తోట చూసొచ్చా

కలకత్తా వస్తున్నా, బొటానికల్ గార్డెన్ చూడాలి అని చెప్తే మా తమ్ముడు ఫోన్లో నవ్వాడు. పిన్ని కొడుకు, ఆరేళ్ళుగా అక్కడే ఉద్యోగం. "అన్నయ్యా, అక్కడ పెద్ద మర్రిచెట్టు ఒకటుంటుంది అంతే, మర్రిచెట్టు కోసం సామర్లకోట నుంచి రావాలా, మనూళ్ళో లేవా" అన్నాడు. ఆరేళ్ళలో వాడు ఒక్కసారి కూడా వెళ్ళలేదట, అది వేరే విషయం.

నిజానికి నేను వెళ్ళింది మర్రిచెట్టు కోసం కాదు. ఒక డాక్టరు గారి కోసం. ఆయన పోయి రెండొందల ఏళ్ళు దాటింది. పేరు విలియం రాక్స్‌బర్గ్, ఊరు స్కాట్లాండ్. 1776లో మద్రాసు వచ్చి కుంపిణీ (ఈస్ట్ ఇండియా కంపెనీ) కొలువులో అసిస్టెంట్ సర్జన్‌గా చేరాడు, 1781లో సామర్లకోటకి వేశారు. అవును, మన సామర్లకోటే, కాకినాడ వెళ్ళాలంటే రైలు దిగి ఆటో ఎక్కే సామర్లకోట. నేను అక్కడే పుట్టి పెరిగా, పదో తరగతి దాకా అక్కడే చదివా, ఒక్క మాస్టారు కూడా ఈయన పేరెత్తలేదు. నాకు తెలిసింది నలభై ఏళ్ళొచ్చాక, అదీ ఇంకేదో వెతుకుతుంటే.

డాక్టరనే గానీ ఆయన ధ్యాసంతా మొక్కల మీదే. సామర్లకోటలో ఒక తోట వేశాడు, అందులో మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, జాఫ్రా, సీమపనస, పట్టుపురుగుల కోసం మల్బరీ, ఇలా ఏది దొరికితే అది పెట్టి మన మట్టిలో ఏది బతుకుతుందో చూసేవాడు. ఎండావానా లెక్కలు రోజుకి మూడుసార్లు రాసుకునేవాడు. పెద్దాపురం, పిఠాపురం జమీందారీల్లో ఏలేరు పక్కన రైతులు చెరుకు ఎలా వేస్తారు, బెల్లం ఎలా వండుతారు అని కూర్చుని వివరంగా రాశాడు, మా తాతగారి ఊళ్ళో బెల్లం బట్టీ దగ్గర పాకం మీద నురగ తీస్తుంటే చూసిన నాకు అది చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమంది. ఆయనకి కోనిగ్ అని ఒక స్నేహితుడు, మొక్కలకి రెండు ముక్కల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరం చేసిన లిన్నేయస్ దగ్గర చదువుకున్నవాడు, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే పోయాడు. చివర్లో వైద్యం చేసింది ఈయనే.

1787 మేలో కోరంగి ఉప్పెన వచ్చింది. ఇరవై వేల మంది దాకా పోయారంటారు. రాక్స్‌బర్గ్ పుస్తకాలూ, అన్నేళ్ళూ ఎండబెట్టి కాగితాల మధ్య దాచుకున్న మొక్కలూ అన్నీ నీళ్ళపాలయ్యాయి. మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాడు. ఇక్కడ ఇలా ఉంటే సరిగ్గా అదే ఏడాది అక్కడ కలకత్తా ఎదురుగా హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, శిబ్‌పూర్‌లో, కల్నల్ రాబర్ట్ కిడ్ అనే మిలటరీ ఆయన కుంపిణీ వాళ్ళని ఒప్పించి ఒక తోట మొదలుపెట్టాడు. ఆరేళ్ళకి, 1793లో, కిడ్ పోయాడు, ఆ కుర్చీలోకి మన సామర్లకోట డాక్టరు గారిని పిలిచారు. నేను చూడ్డానికి వెళ్ళిన తోట అదన్నమాట.

రైలు కూడా కలిసొచ్చింది. ఇదివరకు ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ హౌరా వెళ్ళేది, ఇప్పుడు షాలిమార్‌లోనే ఆగిపోతుంది, అందరూ తిట్టుకుంటారు గానీ షాలిమార్ స్టేషన్ శిబ్‌పూర్‌లోనే కదా, తోటకి దగ్గర, నాకైతే ఇంటి ముందు దింపినట్టే అనిపించింది. హౌరా నుంచి వచ్చేవాళ్ళు కండక్టరు "బి గార్డెన్, బి గార్డెన్" అని అరిచే బస్సెక్కితే చాలు. బొటానికల్ అని పూర్తిగా అనే మనిషి ఒక్కడు కూడా తగల్లేదు. పాతకాలం బెంగాలీలు కంపెనీ బాగాన్ అనేవాళ్ళట, తర్వాత రాయల్ బొటానిక్ గార్డెన్ అయింది, స్వాతంత్ర్యం వచ్చాక ఇండియన్ బొటానిక్ గార్డెన్, 2009లో ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు. చెట్టు అదే, బోర్డు మారుతుంటుంది.

లోపలికెళ్ళాక మొదట అర్థమయ్యేది ఏంటంటే ఇది పార్కు కాదు. 270 ఎకరాల పైమాటే. నడుస్తూ ఉంటే నీడ, నీడ తర్వాత చెరువు, చెరువు తర్వాత మళ్ళీ నీడ. మేం వెళ్ళింది నవంబరు, ఎండ హాయిగానే ఉంది, దోమలు మాత్రం కనికరం లేకుండా కుట్టాయి. తమ్ముడు ఫుల్ హ్యాండ్స్ వేసుకోమని ముందే చెప్పాడు, నేను వినలేదు.

సరే, మర్రిచెట్టు. కాదు కాదంటూనే మొదట అటే వెళ్ళాం, ఎందుకంటే బాణం గుర్తులన్నీ అటే చూపిస్తాయి. దూరం నుంచి చూస్తే చిన్న అడవిలా ఉంటుంది. దగ్గరికెళ్ళాక తమ్ముడు అడిగిన ప్రశ్న, "ఇంతకీ చెట్టేదిరా?" (ఆశ్చర్యమేస్తే వాడికి అన్నయ్య కాస్తా రా అయిపోతాడు). చెట్టు లేదు. అంటే మొదలు లేదు. 1864, 1867 తుఫాన్లలో కొమ్మలు విరిగి ఆ గాయాల్లోంచి బూజు రోగం పట్టింది, అది లోపల్లోపల తినేస్తూ పోయింది, చివరికి 1925లో అసలు మానునే కోసి తీసేశారు. అప్పటికి దాని చుట్టుకొలత యాభై అడుగుల దాకా ఉందట. మాను తీసేసి వందేళ్ళయింది, చెట్టు మాత్రం పెరుగుతూనే ఉంది, మూడు వేలకి పైగా ఊడల మీద, నాలుగెకరాలకి పైగా. దాని చుట్టూ 330 మీటర్ల రోడ్డు వేశారు, చెట్టు ఆ రోడ్డు కూడా దాటి అవతలకి పోయింది.

దీని పుట్టుక గురించి ఒక పాత కథ ఉంది, 1782 ప్రాంతంలో ఒక ఈతచెట్టు మీద మొలిచిందని, ఆ ఈతచెట్టు కింద ఒక ఫకీరు కూర్చునేవాడని. ఇప్పుడైతే 250 ఏళ్ళు దాటిందనే చెప్తారు. ఫకీరు సంగతేమో గానీ ఈతచెట్టు మాట నేను నమ్ముతా, మన పొలం గట్ల మీద తాటిచెట్టుని కౌగిలించుకుని పెరిగే మర్రిని ఎన్నిసార్లు చూడలేదు, పిట్ట రెట్టేస్తే చాలు కదా.

నాకు బాగా నచ్చింది ఊడల్ని సాకే పద్ధతి. పైనుంచి కొత్తగా దిగే ఊడలు సన్నటి తాళ్ళలా, కొసల్లో లేత రంగుతో గాల్లో వేలాడుతుంటాయి, వాటిని అలా వదిలేస్తే గాలికీ పశువులకీ తెగిపోతాయి, అందుకని బొంగులు చీల్చి లోపల మట్టీ ఎరువూ పెట్టి ఊడని అందులోంచి నేలదాకా దింపుతారు. చెట్టుకి వేలు పట్టుకుని నడక నేర్పినట్టే. నేల తగిలాక అది లావెక్కి స్తంభమవుతుంది. ఏ వైపు బరువెక్కువుందో చూసుకుని ఆ వైపు ఊడలు దించుకుంటారన్నమాట, అంటే ఇది సగం చెట్టు, సగం మనుషులు కట్టిన మండపం. 2020 మేలో అంఫన్ తుఫానొచ్చినప్పుడు ఇందులోనూ కొంత భాగం దెబ్బతింది, తోటలో ఇంకా చాలా చెట్లు కూలిపోయాయి.

తుఫాను అంటే మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి నేను ఇంట్లో మంచం కింద పడుకున్నా, తెల్లారి లేచి చూస్తే వీధిలో ఒక్క కొబ్బరిచెట్టుకి కూడా తల లేదు. అందుకే 1864 అక్టోబరు 5 సంగతి చదివినప్పుడు ఊహించుకోవడం కష్టం కాలేదు. ఆ ఒక్కరోజులో ఈ తోటలో దాదాపు సగం చెట్లు పోయాయి. మిగిలినవాటిలో ఇంకొన్ని వందలు 1867లో. రాక్స్‌బర్గ్ నాటినవీ ఆయన తర్వాతవాళ్ళు నాటినవీ అన్నీ కలిపి అంతే సంగతులు. కాబట్టి ఇప్పుడు మనం నడిచే తోట రూపం రాక్స్‌బర్గ్‌ది కాదు, 1871లో తోట బాధ్యత తీసుకున్న జార్జ్ కింగ్‌ది. నేల పల్లం, నీళ్ళు నిలిచిపోయేవి, దాంతో ఆయన చెరువులు తవ్వించి ఆ మట్టితో మిగతా నేలని లేపాడు, ఇప్పుడు మనం ఫోటోలు దిగే చెరువులన్నీ ఆ లెక్కే. 1890లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా పెట్టినప్పుడు మొదటి డైరెక్టరు కూడా కింగే. ఎండబెట్టిన మొక్కల్ని దాచే హెర్బేరియం ఇక్కడుంది, ఇరవై లక్షల దాకా నమూనాలు, కానీ అది చూడ్డానికి నాబోటి వాడిని ఊరికే రానివ్వరు.

మనుషుల తుఫాను కూడా ఒకటుంది. 1842 నుంచి 44 దాకా గ్రిఫిత్ అని ఒకాయన తాత్కాలికంగా ఇంచార్జి, అసలాయన వాలిచ్ లేనప్పుడు. తోటని శాస్త్రీయంగా సర్దుతానని పాత చెట్లు చాలా కొట్టించేశాడు. 1848లో జోసెఫ్ హూకర్ అనే ఇంగ్లాండు వృక్షశాస్త్రవేత్త వచ్చి చూసి అదేం పని అని గట్టిగానే రాశాడు. ఆఫీసర్ మారగానే పాత ఆఫీసర్ నాటించినవి పీకించడం మనకి కొత్తేం కాదులెండి.

కిడ్ మొదట్లో ఈ తోట అడిగింది అందం కోసం కాదు. అంతకుముందు బెంగాల్ కరువులో జనం ఎలా చచ్చారో తెలిసినవాడు, తిండికి పనికొచ్చే చెట్లు పెంచి పంచితే మళ్ళీ అలా జరగదని రాశాడు. కుంపిణీ వాళ్ళకి ఆ మాట ఒక్కటీ చెబితే పైసా రాలదు కాబట్టి ఓడలకి టేకు, వ్యాపారానికి మసాలా దినుసులు అని కూడా కలిపాడు. టేకు ఆ బంకమట్టిలో సరిగ్గా రాలేదు, ముప్ఫై ఏళ్ళు పైనే ప్రయత్నించి వదిలేశారు, ఆ టేకు నేలలో కొంత 1820 ప్రాంతంలో బిషప్స్ కాలేజీకి ఇచ్చేశారు, అదే తర్వాత ఇంజనీరింగ్ కాలేజీ అయింది. జాజికాయ, లవంగం కూడా కలకత్తా చలికి తట్టుకోలేదు.

మరి గెలిచిందేంటి అంటే టీ. 1835 ప్రాంతంలో చైనా నుంచి తెప్పించిన విత్తనాలు ఇక్కడే మొలకెత్తించి 42 వేల మొక్కలు పంచారు, ఇరవై వేలు అస్సాంకి, ఇరవై వేలు హిమాలయాల వైపు, రెండు వేలు మన దక్షిణాదికి. ఇందులో తమాషా ఏంటంటే అస్సాం అడవుల్లో అప్పటికే టీ చెట్లు వాటంతటవే ఉన్నాయి, చివరికి అస్సాంలో బాగా నిలబడింది అవే. అయినా ఆ మొక్కలు ఈ నదొడ్డు నుంచే పడవెక్కాయి.

రాక్స్‌బర్గ్ దగ్గరికి వస్తా. ఆయన వచ్చేసరికి తోటలో ఉన్నవి సుమారు మూడొందల రకాల మొక్కలు. 1813లో ఆరోగ్యం చెడి వెళ్ళిపోయాక, సెరంపూర్ మిషనరీ విలియం కేరీ 1814లో ఆ మొక్కల జాబితా అచ్చేశాడు, లెక్క సుమారు 3,500. ఇరవై ఏళ్ళలో పది రెట్లు. కలకత్తా రాకముందే మన వైపు చిత్రకారుల్ని పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించి ఐదొందలు లండన్ పంపితే అందులో మూడొందలు ఎంచి మూడు పెద్ద సంపుటాలుగా వేశారు, కోరమండల్ తీరపు మొక్కలు అని. కోరమండల్ అంటే మనకి రైలే గుర్తొస్తుంది గానీ ఆ పుస్తకంలో ఉన్నది మన సర్కారు జిల్లాల అడవీ, గట్టూ, చెరువు పక్కా. బొమ్మలేసిన వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా వేయలేదు. ఆకు వెనక ఈనెల దాకా గీసినవాళ్ళండీ, ఒక్క పేరు లేదు.

మొక్కల పేర్లు మాత్రం ఉన్నాయి, తెలుగులో. ప్రతి మొక్క దగ్గరా ఆయన "తెలింగ" అని రాసి మనవాళ్ళు ఏమంటారో ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. బీడీలు చుట్టే తునికాకు చెట్టుకి ఇప్పుడు ప్రపంచమంతా వాడే పేరు డయోస్పైరోస్ మెలనోజైలాన్, అది ఆయన పెట్టిందే. ఇంకా ముచ్చటైనది సోమిడ చెట్టు. బెరడు చేదు, మన వైపు జ్వరానికి వాడేవారు, అప్పట్లో తెల్లవాళ్ళకి మలేరియా మందు సింకోనా బెరడు దక్షిణ అమెరికా నుంచి రావాలి కాబట్టి దాని బదులు ఇది పనికొస్తుందేమోనని రాక్స్‌బర్గ్ ఆశపడ్డాడు. మహాగనీ కుటుంబం అని గుర్తుపట్టి మహాగనీ వరసలోనే పేరు పెట్టాడు. తర్వాత ఇంకొకాయన వచ్చి కాదు, ఇది వేరే జాతి అని తేల్చి, జాతికి కొత్త పేరు కావాల్సొచ్చి, మన తెలుగు మాటనే తీసుకుని సోయ్‌మిడా అని పెట్టాడు. లాటిన్ వేషం వేసుకున్న తెలుగు మాట.

నేను తోటలో వెతికింది ఈ సోమిడనే. అక్కడ ఉందో లేదో కూడా తెలీకుండానే. చెట్లకి రేకు పలకలు ఉన్నాయి గానీ కొన్నిటికి తుప్పు పట్టి అక్షరాలు పోయాయి, కొన్నిటికి అసలు లేవు, ఇది నా ఫిర్యాదు, అంత గొప్ప తోటలో చెట్టు పేరు తెలుసుకోడానికి ఫోన్ తీయాల్సి రావడం బాలేదు. చివరికి ఊడుస్తున్న ఒక మాలీ దాదాని ఆపి ఫోన్లో ఫోటో చూపించి నా రైల్వే హిందీలో అడిగా. ఆయన ఫోటో అటూ ఇటూ తిప్పి చూసి, చీపురు చెట్టుకానించి, రమ్మన్నట్టు తలూపి ముందు నడిచాడు. పది నిమిషాలు. ఒక పెద్ద చెట్టు దగ్గర ఆగి "మెహోగొనీ" అన్నాడు. నేను నవ్వేశా. ఆయన తప్పు చెప్పాడనలేం, రాక్స్‌బర్గ్ కూడా మొదట అదే అన్నాడు కదా. పైగా మహాగనీ కూడా ఈ తోట ద్వారా వచ్చిందే, 1795లో, రాక్స్‌బర్గ్ ఉండగానే, వెస్టిండీస్ నుంచి. చెట్టు కింద గోధుమరంగు రెక్కల గింజలు ఒకటీ అరా పడున్నాయి. దాదా ఒకటి ఏరి పైకి విసిరాడు, అది గిరగిరా తిరుగుతూ నింపాదిగా వచ్చి తమ్ముడి షూ మీద వాలింది.

అక్కణ్ణుంచి వాడికి హుషారొచ్చింది. పిచ్చిచెట్టు చూపిస్తానని దాదా ఇంకో చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. దాని పేరు టెరిగోటా అలాటా, అందులో ఇదొక వింత రకం, ఒక ఆకులా ఇంకో ఆకు ఉండదు. మాట వరసకి అంటున్నారనుకున్నా. కింద రాలినవి నాలుగు ఏరి తమ్ముడి అరచేతిలో పరిచాం. ఒకటి రావాకు ఆకారంలో నున్నగా, ఒకటి పక్కన ఎవరో కొరికినట్టు చీలి, ఒకటి సన్నగా పొడుగ్గా మామిడాకులా, ఒకటి చెప్పడానికే రాని వంకర. నాలుగూ ఒకే కొమ్మవంటే ఎవరూ నమ్మరు. వాడు వాటిని ఆఫీసు డైరీలో పెట్టుకున్నాడు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. పళ్ళెం అంచులా ఆకు అంచు పైకి లేచి ఉండే పెద్ద కలువ, విక్టోరియా, చెరువులో ఉంది, ఆకు అడుగంతా ముళ్ళే. ఆకు దొన్నెలా ముడుచుకుని ఉండే కృష్ణమర్రి, కృష్ణుడు అందులో వెన్న దాచుకున్నాడని బెంగాలీలూ చెప్తారు. తాటిజాతిలో ఉండి కూడా కొమ్మలేసే డూమ్ పామ్. పామ్ హౌస్‌లో జంట కొబ్బరి కథ మాత్రం వినాల్సిందే, 1894లో నాటారు, ప్రపంచంలోకెల్లా పెద్ద గింజ దీనిదే, సీషెల్స్ దీవుల చెట్టు. ఇక్కడ పెరిగింది ఆడచెట్టు, దగ్గర్లో మగచెట్టు లేదు, పుప్పొడి వేరే దేశం నుంచి తెప్పించి చేత్తో అద్ది 2013లో కాయ పట్టించారు. నూట పంతొమ్మిదేళ్ళకి. తమ్ముడు చాలాసేపు ఏం మాట్లాడలేదు, వాడికి సంబంధాలు చూస్తున్నారు ఇంట్లో.

సాయంత్రం నదొడ్డుకి వెళ్ళాం. రాక్స్‌బర్గ్ ఉన్న ఇల్లు అక్కడే, 1795 నాటిది, బయటినుంచి చూడ్డమే. ఎదురుగా అవతలి ఒడ్డున గార్డెన్ రీచ్, ఓడలు కట్టే యార్డు క్రేన్లు. కిడ్ జ్ఞాపకార్థం పాలరాతి కలశం ఒకటి తోట మధ్యలో దారులు కలిసే చోట ఉంది, ఆయన తనని ఈ తోటలోనే ఏ తంతూ లేకుండా పాతిపెట్టమని కోరాడట, అలా చేయలేదు, పార్క్ స్ట్రీట్ శ్మశానంలో పెట్టారు. రాక్స్‌బర్గ్ 1815లో ఎడింబరోలో పోయాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు: పొద్దున్నే వెళ్ళండి, నీళ్ళు పట్టుకెళ్ళండి, దోమలకి ఏదైనా రాసుకోండి, మర్రిచెట్టు చూసి వెనక్కి రాకండి. సోమిడ ఎవరికైనా అక్కడ కనపడితే ఏ మూలో నాకు చెప్పండి.

మొన్న తమ్ముడు ఫోన్ చేసి, డైరీలో ఆకులు రెండు పొడైపోయాయని, ఆదివారం మళ్ళీ వెళ్తున్నానని చెప్పాడు.